సైడ్‌వింగ్‌లోంచి: నత్తి ఉన్న రాజు, మన స్టేజీ

పోయిన నెల ఈ శీర్షికలో మాటవరసకి ‘ది కింగ్స్ స్పీచ్’ నాటకం పేరెత్తాను. నత్తితో నానా తంటాలు పడి, చివరికి దేశమంతా వినేలా రేడియోలో మాట్లాడిన ఇంగ్లండు రాజు ఆరో జార్జి కథ అది. మన పరిషత్తు నాటికల వాళ్ళు ఇలాంటి ఇతివృత్తం జోలికి ఎందుకు పోరని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఇక చూడండి, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ కలిపి ఎడిటరు గారు కట్టగట్టి పంపారు. అన్నిటికీ జవాబివ్వడం నావల్ల కాదు. కొన్ని ఏరుకున్నాను.

నా సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. నేను నటుణ్ణి కాను, నటులు మర్చిపోయిన మాటని స్టేజీ పక్క చాటు నుంచి అందించే ప్రాంప్టర్ని. ఉండేది నెల్లూరు మూలాపేటలో. స్క్రిప్టు చేత్తో పట్టుకుని సైడ్‌వింగ్‌లో స్టూలు మీద కూర్చోవడమే నా కళాసేవ. స్టేజీ మీద మనిషి ఆగిపోతే, మాట మర్చిపోయి ఆగాడా, కావాలనే ఆగాడా అన్నది వాడి వీపు చూసి చెప్పగలను. ఈ నాటకం గురించి మాట్లాడ్డానికి నాకున్న అర్హత అదొక్కటే.

ప్రశ్న: ఇది ముందు సినిమానా, నాటకమా? కథ నిజంగా జరిగిందేనా?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

రాసిన డేవిడ్ సైడ్లర్ దీన్ని ముందు సినిమా స్క్రిప్టుగా మొదలుపెట్టి, సినిమా తీయకముందే నాటకంగా మార్చి రాశాడు. లండన్‌లో ఇజ్లింగ్టన్ అనే పేటలో ఒక చిన్న హాల్లో నటులు దాన్ని ఊరికే చదివి వినిపించారు. ఆ రోజు విన్నవాళ్ళలో టామ్ హూపర్ అనే డైరెక్టరు తల్లి ఉంది. ఇంటికెళ్ళి కొడుక్కి ఫోన్ చేసి, నీ తర్వాతి సినిమా ఇదేరా అని చెప్పింది. 2010లో సినిమా వచ్చింది, 12 ఆస్కార్ నామినేషన్లలో 4 గెలిచింది. అసలు నాటకం స్టేజీ ఎక్కింది మాత్రం 2012లో, ముందు గిల్డ్‌ఫర్డ్‌లో, తర్వాత లండన్‌లో. అప్పటికే జనమంతా సినిమా చూసేసి ఉన్నారు. అనుకున్నదానికంటే ముందే తెర దించేశారు. సినిమా ముందొచ్చి నాటకం వెనకొస్తే ఎక్కడైనా అంతే.

కథ చాలావరకు జరిగిందే. ఆరో జార్జి 1895లో పుట్టాడు, ఐదో జార్జి రెండో కొడుకు. పేరు ఆల్బర్ట్, ఇంట్లో బెర్టీ అనేవాళ్ళు. 1925 అక్టోబరు 31న లండన్ వెంబ్లీ మైదానంలో బ్రిటిష్ సామ్రాజ్య ఎగ్జిబిషన్ ముగింపు సభలో మాట్లాడాల్సి వచ్చింది. ఆ సభ ఆయనకీ నరకమే, విన్నవాళ్ళకీ నరకమే. మరుసటి ఏడు అక్టోబరు 19న, లండన్‌లో పెద్ద డాక్టర్లుండే హార్లీ స్ట్రీట్‌లో లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా మనిషి గది మెట్లెక్కాడు. లోగ్‌కి డాక్టరు డిగ్రీ లేదు. పద్యాలూ ఉపన్యాసాలూ ఎలా చదవాలో నేర్పే మాస్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో దెబ్బతిని మాట పోగొట్టుకుని వచ్చిన సైనికులకి మాట తెప్పించి పేరు తెచ్చుకున్నాడు.

ముఖ్యంగా సాగదీసింది ఒక్కచోట. సినిమా చూస్తే 1939 దాకా ఆయన కొట్టుకుంటూనే ఉన్నట్టు ఉంటుంది. నిజానికి లోగ్ దగ్గర చేరిన ఏడు నెలల్లోపే, 1927 మే 9న, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో పార్లమెంటు భవనం ప్రారంభిస్తూ బాగానే మాట్లాడాడు. అన్న ఎడ్వర్డు 1936 డిసెంబరులో గద్దె వదిలేస్తే ఈయన రాజయ్యాడు. 1937 మే 12న పట్టాభిషేకం. 1939 సెప్టెంబరు 3న యుద్ధం మొదలైందని రేడియోలో చెప్పాడు. నాటకానికి ఆ రేడియో సీనే క్లైమాక్సు కాబట్టి వైద్యాన్ని అక్కడిదాకా లాక్కొచ్చారు. మన పౌరాణికాల్లో చేసిన మార్పులతో పోలిస్తే ఇదెంత!

ప్రశ్న: సార్, మా కాలేజీ ఫంక్షన్‌కి ఈ కథ మీద మేమే రాసుకుని అరగంట నాటిక వేస్తున్నాం. రాజు వేషం నాది. రిహార్సల్లో నేను నత్తిగా మాట్లాడగానే అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. మా లెక్చరర్ కూడా నవ్వారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, కావలి

నవ్వరా మరి? మన స్టేజీకి నత్తి అంటే హాస్యమే కదా అబ్బయ్యా. రాత్రి ఒంటిగంట దాటాక జనం లేచిపోకుండా ఒక హాస్యగాణ్ణి దింపేవాళ్ళు. వాడికి చెవుడో, మెల్లకన్నో, నత్తో అంటగట్టేవాళ్ళు. సినిమావాళ్ళు అదే పట్టుకున్నారు. నువ్వు ‘ప్ప ప్ప ప్ప’ అనగానే మీవాళ్ళకి ఆ హాస్యగాడు గుర్తొస్తున్నాడు. అందులో వాళ్ళ తప్పేం లేదు, నీ తప్పూ లేదు. నువ్వు చేస్తున్నది మాత్రం రాజుని కాదు, హాస్యగాణ్ణి.

నత్తి మూడు రకాలుగా బయటపడుతుంది. అక్షరం మళ్ళీ మళ్ళీ రావడం ఒకటి. అక్షరం సాగిపోవడం ఇంకొకటి. మూడోది, అసలు శబ్దమే రాకపోవడం. మాట గొంతు దాకా వచ్చి అక్కడే బిగుసుకుంటుంది. ఆరో జార్జి ప్రసంగాల రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి, 1939 నాటిది విను. అందులో ‘క్క క్క క్క’లు నీకు దొరకవు. మాటకీ మాటకీ మధ్య ఉండకూడని చోట ఖాళీలు వినపడతాయి, అంతే. నువ్వు చేయాల్సింది ఆ ఖాళీ.

ఎలాగంటావా. స్క్రిప్టు తీసుకుని రాజుకి ఏ మాట అడ్డం పడుతుందో నువ్వే తేల్చుకో. ప్రతి వాక్యంలోనూ వద్దు. పేజీకి రెండో మూడో చాలు. ‘మా నాన్నగారు’ అన్నచోట ఆగాలనుకుందాం. ‘మ’ పెదాలతో పుట్టే అక్షరం. కాబట్టి పెదాలు మూసుకుంటాయి, విడవవు. దవడ కింద కండ బిగుస్తుంది. కుడిచేతి బొటనవేలు కోటు అంచుని నొక్కుతుంది. కళ్ళు ఎదుటిమనిషి మీంచి పక్కకి జారతాయి. అదే ‘కిరీటం’ దగ్గర అయితే వేరు. ‘క’ నాలుక వెనకభాగంలో పుడుతుంది. అక్కడ నోరు తెరుచుకునే ఉంటుంది, లోపల తలుపు పడిపోతుంది. అద్దం ముందు నిలబడి రెండూ చేసి చూడు, మొహం రెండు రకాలుగా ఉంటుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో మొహం తెలిసిందంటే నీకు వేషం సగం వచ్చినట్టే.

ఇంకొకటి. నత్తి ఉన్నవాడికి అడ్డం పడబోయే మాట ముందే తెలిసిపోతుంది. రెండు మాటల ముందు నుంచే భయం మొదలవుతుంది. ఆ మాట తప్పించి వేరే మాట వేస్తాడు, దగ్గుతాడు, కళ్ళజోడు సర్దుకుంటాడు, నవ్వేస్తాడు. నత్తిని నటించబోకు. దాన్ని కనపడకుండా దాచుకోవాలని చూసే మనిషిని నటించు. అప్పుడెవడు నవ్వుతాడో చూస్తాను.

మనిషిని బట్టి కూడా మారుతుంది. తండ్రి ముందు ఎక్కువ, అన్న వెక్కిరించినప్పుడు ఇంకా ఎక్కువ. భార్యతో తక్కువ, ఆడపిల్లలకి కథ చెప్పేటప్పుడు ఇంకా తక్కువ. గదిలో ఒక్కడే ఉండి గొణుక్కునేటప్పుడు అసలుండదు. సీను సీనుకీ ఈ కొలత వేసుకోలేదంటే మొదటి పది నిమిషాల్లోనే జనానికి విసుగొస్తుంది.

ఇక నా డిపార్ట్‌మెంటు సంగతి. మీ ప్రాంప్టర్‌కి నీ ఖాళీలన్నీ గీతలు పెట్టిన స్క్రిప్టు ఇవ్వు. లేదంటే నువ్వు ఆగిన ప్రతిసారీ వాడు వింగ్‌లోంచి మాట అందిస్తాడు, అది మైకులో పడుతుంది, నాటిక అక్కడితో సరి. లోగ్ కూడా అదే చేశాడు. 1939 ప్రసంగం కాగితం మీద ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నిలువుగీతలు పెట్టి ఇచ్చాడు. ఆగిపోవడం ఎలాగూ తప్పదు కాబట్టి, ఆ ఆగడమేదో మనం చెప్పినచోట ఆగమన్నాడన్నమాట. ప్రసంగమంతా కలిపి ఆరు నిమిషాల లోపే. రాజు మాట్లాడినంతసేపూ లోగ్ ఆ గదిలోనే ఉన్నాడు. దాన్ని మించిన ప్రాంప్టింగ్ నాకు తెలీదు.

పోటీకి తీసుకెళ్ళే ఆలోచన ఉంటే న్యాయనిర్ణేతలకి ముందే ఒక కాగితం పంపండి. డైలాగ్ మర్చిపోయాడనుకుని మార్కులు కోసేవాళ్ళుంటారు. అన్నిటికంటే కష్టం ప్రేక్షకులతో. మా వైపు ఒక తిరునాళ్ళ స్టేజీ మీద నత్తి ఉన్న తండ్రి పాత్ర ఒకటి చూశాను. కూతురి పేరు చెప్పలేక ఆగాడు. బాగా చేస్తున్నాడు కుర్రాడు. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక అవ్వ ఉండబట్టలేక ‘లచ్చిమి, నైనా, లచ్చిమి’ అని గట్టిగా అందించింది. జనం గొల్లుమన్నారు. ఆ కుర్రాడు వేషంలోంచి బయటికి రాలేదు. అవ్వ వైపు తిరిగి చెయ్యెత్తి ఆగమన్నాడు. అలాగే నిలబడ్డాడు. నవ్వు దానంతటది చల్లారాక ‘లక్ష్మి’ అన్నాడు. నేనైతే ఆ చెయ్యెత్తడానికే బహుమతి ఇచ్చేవాణ్ణి.

ప్రశ్న: నేను పద్యనాటక కళాకారుణ్ణి. నత్తి ఉన్నవాళ్ళు పద్యం పాడితే తడబడరంటారు, నిజమేనా? అయితే ఆ రాజు చేత కూడా పద్యం పాడించొచ్చు కదా!
– చీమకుర్తి

నిజమే. పాడేటప్పుడు నత్తి దాదాపుగా పోతుంది. పాటలో గొంతు ఆగకుండా నడుస్తుంది, తాళం ముందుకు నెడుతుంది, తర్వాతి మాట ఏమిటో వెతుక్కోనక్కర్లేదు. లోగ్ కథలోనూ ఈ కిటుకు ఉంది. నోటికి రాని సంగతుల్ని తెలిసిన పాట వరసలో పాడి చెప్పమంటాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, పెద్ద సంగీతం వినిపిస్తూ పుస్తకం చదివించి రికార్డు చేస్తాడు. తన గొంతు తనకి వినపడకపోతే రాజు గడగడా చదివేస్తాడు.

మీకు నేను చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు. మా రోజుల్లో మా సమాజంలో అర్జునుడు వేసే ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, మనవలున్నారు. పద్యం ఎత్తుకుంటే పై స్థాయిలో కంగుమనేది గొంతు. ‘వన్స్ మోర్’ అంటే ఆయనకి సంతోషం, మళ్ళీ పాడతాడు, ఇంకోసారి అడిగినా పాడతాడు. జనం మెచ్చుకుంటున్నారని పొంగిపోయి పాడుతున్నాడనుకునేవాళ్ళం. పద్యం తర్వాత వచ్చే వచనాన్ని వాయిదా వేస్తున్నాడని హార్మోనిస్టుకి ఒక్కడికే తెలుసు. ‘బావా’ అన్న చిన్న మాట. అది రాదు. ‘బ’ దగ్గర పెదాలు పడిపోతాయి.

ఆ హార్మోనిస్టు ఏం చేసేవాడంటే, పద్యం చివర రాగం అయిపోయాక శ్రుతి వదిలేవాడు కాదు. బెల్లోస్ నెమ్మదిగా తొక్కుతూ ఆ స్వరం అలాగే పట్టి ఉంచేవాడు. అర్జునుడు ఆలాపన తోకలోంచే ‘ఆ...’ అని సాగదీసి అందులోంచి ‘...బావా’ అని జారేవాడు. పాటలోంచి మాటలోకి దిగేచోట గట్టు తెలియనిచ్చేవాడు కాదు. విన్నవాళ్ళు అదొక స్టైలనుకునేవాళ్ళు. తర్వాత వచ్చిన ఇద్దరు ముగ్గురు అర్జునులు నత్తి లేకపోయినా అదే పద్ధతిలో ‘ఆ...బావా’ అన్నారు!

అందుకని మీ ప్రశ్నకి జవాబు, పాడించొచ్చు. కానీ పద్యం పెడితే రాజు కష్టం జనానికి కనపడదు. పద్యం అయిపోయి హార్మోనియం ఆగిన తర్వాతి క్షణం చూపించండి. కాసేపు నిజంగానే శ్రుతి కూడా తీసేయమనండి. కళాకారుడిగా మీకు ఆ క్షణం ఎంత భయమో నాకు తెలుసు. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకున్నా ఆ భయం పోదు.

ప్రశ్న: మనల్ని ఏలిన రాజు. వాడికి మాట రాకపోతే మనం కన్నీళ్ళు పెట్టుకోవాలా? ప్రకాశం పంతులు పుట్టిన జిల్లాలో మమ్మల్ని మీరిలాంటి నాటకాలు వేయమనడం బాగుందా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, టంగుటూరు

మాస్టారూ, కోపంగా రాసినా బాగా రాశారు. నాకు వచ్చిన ఉత్తరాల్లో మీదే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది.

1939 సెప్టెంబరు 3. లండన్‌లో సాయంత్రం ఆరు, మనకి రాత్రి పదిన్నర. స్వదేశంలోనూ సముద్రాల అవతలా ఉన్న నా ప్రజల ప్రతి ఇంటికీ ఈ సందేశం పంపుతున్నానని ఆ రాజు మొదలుపెట్టాడు. ఆ ‘సముద్రాల అవతల’లో ఒంగోలు ఉంది, నెల్లూరు ఉంది. అదే రోజు ఇక్కడ వైస్రాయి లిన్‌లిత్‌గో ఇండియా కూడా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. మన నాయకుల్ని ఒక్క మాట అడగలేదు. అందుకు నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం అక్టోబరులో దిగిపోయింది. అందులో మీ ప్రకాశం పంతులు రెవెన్యూ మంత్రి. మా బుచ్చిరెడ్డిపాలెం బెజవాడ గోపాలరెడ్డి స్థానిక పాలన మంత్రి. అంటే లండన్‌లో ఒకాయన గొంతు పెగుల్చుకుని చెప్పిన యుద్ధం వల్ల మన రెండు జిల్లాల మనుషులకి కుర్చీలు పోయాయి.

ఇది సినిమాలో లేదు, నాటకంలో లేదు. ఉండాలని నేను అనను, అది వాళ్ళ నాటకం. కానీ మీరు తెలుగులో వేస్తే ఇది ఎందుకు పెట్టకూడదు? స్టేజీ రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు బకింగ్‌హాం ప్యాలెస్‌లో చిన్న గది, మైకు, రాజు, లోగ్. కుడి వైపు ఒంగోల్లో రేడియో ఉన్న ఒక ఇంటి వరండా. వరండాలో వకీలు గుమస్తా, కాంగ్రెస్ కుర్రాడు, ఇంగ్లీషు రాని ఒక ముసలాయన. రాజు ఆగుతాడు. ఇటువైపు రేడియో చెడిపోయిందనుకుని గుమస్తా దాని మర తిప్పుతాడు. మళ్ళీ గొంతు వినపడుతుంది. ఏమంటున్నాడురా అని ముసలాయన అడుగుతాడు. కుర్రాడు చెబుతాడు. అప్పుడు ముసలాయన, ‘మనల్నెవరూ అడగలేదే?’ అంటాడు. నాకైతే ఇదే నాటకం. నత్తి లేని మనుషులకి మాట్లాడే హక్కు లేదు, హక్కున్న వాడికి మాట రావడం లేదు.

కన్నీళ్ళు పెట్టుకోమని నేను అనలేదు. చూడమన్నాను. ఇంకొక్కటి, పంతులుగారి పేరెత్తారు గనక. ఆయన చిన్నతనంలో ఒంగోల్లో నాటకాల పిచ్చోడు. ఆడవేషాలు కట్టి మెప్పించానని ఆయనే రాసుకున్నాడు. తర్వాత రోజుల్లో కోర్టులోనూ, మద్రాసులో సైమన్ కమిషన్‌కి ఎదురుతిరిగిన నాడు తుపాకీ ముందూ ఆ గొంతు ఎలా నిలబడిందో మీకు నేను చెప్పాలా? స్టేజీ మీది ప్రాక్టీసు ఎవరికి ఎక్కడ పనికొస్తుందో తెలియదు. మీరు ఆ వరండా సీను రాసి పంపండి మాస్టారూ. ప్రాంప్టింగ్ నాది.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్ళు దాటాయి. మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతున్నాడు. మా అత్తగారు వస కొమ్ము అరగదీసి నాకించమంటారు. నోట్లో గులకరాళ్ళు పెట్టి మాట్లాడించాలని పక్కింటావిడ. సినిమాలో కూడా ఒక డాక్టరు రాజు నోట్లో గోళీలు పెట్టాడుగా?
– గృహిణి, కనిగిరి

పెట్టాడమ్మా, రాజు ఉమ్మేసి లేచిపోయాడు. నాలుగేళ్ళ పిల్లాడి నోట్లో రాళ్ళేమిటి, గొంతుకి అడ్డం పడితే? వసా వద్దు.

నేను డాక్టర్ని కాను. ఈ శీర్షిక కోసం తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నది చెబుతాను. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలకి ఇది వస్తుంది, నలుగురిలో ముగ్గురికి దానంతటదే పోతుంది. భయం వల్లో, మీరు కసిరినందువల్లో వచ్చేది కాదు. మెదడు మాటని నడిపించే తీరులో ఉంటుంది, కుటుంబాల్లో దిగుతూ వస్తుంది. ఎడమచేతి వాటం పిల్లాణ్ణి కుడిచేతికి మార్చడం వల్ల నత్తి వస్తుందని ఆ రాజు రోజుల్లో నమ్మేవాళ్ళు, ఇప్పుడెవరూ గట్టిగా అనడం లేదు. మొదలై ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నా, మాట కోసం బాబు మొహం బిగబట్టి కష్టపడుతున్నా స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. వినికిడి, మాట సమస్యలు చూసేందుకు సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో కేంద్రప్రభుత్వ సంస్థ ‘ఆయిష్’ ఉంది. అంతదూరం పోయే ముందు మీ జిల్లా ఆస్పత్రిలో అడగండి.

ఈలోపు ‘నిదానంగా చెప్పు నాన్నా’, ‘ఊపిరి పీల్చుకో’ అనకండి. వాడి మాట మీరు పూర్తి చేయకండి. మొహం చూస్తూ వినండి. అత్తగారికి కూడా ఈ పేజీ చదివి వినిపించండి, నా పేరు చెప్పి తిట్టుకున్నా పర్లేదు.

ప్రశ్న: పేరు వేయొద్దు. నాకు నత్తి. నెల్లూర్లో ఉద్యోగం, ఇల్లు కావలి. ఒంగోలు బస్సెక్కితే కండక్టరుకి ‘కావలి’ అని చెప్పలేను. అందుకని ‘ఉలవపాడు’ అంటాను, అది వచ్చేస్తుంది. డబ్బులెక్కువ కట్టి కావలిలో దిగిపోతాను. ఈ సినిమా చాలాసార్లు చూశాను. నాలాంటివాడు స్టేజీ ఎక్కగలడా?

ఎక్కగలడు. ముందుగా లెక్క చూసుకో, ఆర్టీసీకి ఇన్నేళ్ళుగా విరాళం ఇస్తున్నావు!

అమెరికాలో జేమ్స్ ఎర్ల్ జోన్స్ అనే నటుడు ఉండేవాడు. నత్తి వల్ల చిన్నప్పుడు ఏళ్ళ తరబడి స్కూల్లో నోరే విప్పలేదు. కవిత్వం పైకి చదివించి ఒక టీచరు దారిలో పెట్టాడు. ‘స్టార్ వార్స్’లో ఆ నల్లముసుగు విలన్ గొంతు ఆయనదే. వేషం కట్టి వేరే మనిషిగా మాట్లాడేటప్పుడు నత్తి తగ్గే నటులు చాలామంది ఉన్నారు. అందరికీ తగ్గుతుందని మాత్రం చెప్పను.

నువ్వు రాజు వేషంతో మొదలుపెట్టొద్దు. ‘నత్తి ఉంది గనక నత్తి వేషం’ అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు కూడా. నా మాట విని ముందు బుర్రకథ దళంలో వంత పాడు. నలుగురితో గొంతు కలిపి ఒకేసారి చెబితే నత్తి అడ్డం రాదు, ఇది ఎవరైనా పరీక్షించి చూడొచ్చు. కథకుడు ఎత్తుకుంటాడు, నువ్వూ పక్కవాడూ కలిసి ‘తందాన తాన’ అందుకుంటారు. డక్కీ పట్టుకోవడం నేర్చుకుంటే చేతులకీ పని ఉంటుంది. మొదట వంత. ఆ తర్వాత కథకుడితో మధ్యమధ్య హాస్యానికి రెండు ముక్కలు. అందులో తడబడ్డా ఫరవాలేదు, కథ నడిచిపోతుంది. స్టేజీ మీద జనం మొహాలు చూడ్డం అలవాటైనాక లోగ్ వేషం అడుగు. అవును, రాజు కాదు, లోగ్. పాఠం చెప్పేవాడు అప్పుడప్పుడూ ఆగి మాట్లాడితే ఆ నాటకం ఎంత మారిపోతుందో ఒక డైరెక్టరన్నా చూపిస్తే బాగుండునని నాకు కోరిక.

మన దేశంలో నత్తి ఉన్నవాళ్ళు నడుపుకునే సంఘం కూడా ఉంది, ‘ది ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్’. వాళ్ళు కలుసుకుంటారు, ఫోన్లో మాట్లాడుకుంటారు, తొందరపెట్టేవాళ్ళుండరు. అక్కడ కూడా ఒకసారి చూడు.

ప్రశ్న: ఈ నాటకం స్క్రిప్టు ఇంటర్నెట్‌లో దొరికింది. తెలుగు చేసి పరిషత్తుకి వేస్తున్నాం. పర్మిషన్ అవసరమా? ఇంత దూరంలో ఎవరు చూస్తారు?
– నాటక సమాజం కార్యదర్శి, దర్శి

అవసరం. రాజుగారి చరిత్ర ఎవరి సొత్తూ కాదు, కావలి కుర్రాళ్ళలాగా ఆ కథ తీసుకుని మీ డైలాగులు మీరు రాసుకోండి. కానీ సైడ్లర్ రాసిన సీన్లు, సంభాషణలు తెలుగు చేసి ఆడాలంటే హక్కులున్నవాళ్ళకి రాసి అడగాలి.

ఎవరు చూస్తారన్నారు గనక ఒక సంగతి చెబుతాను. సైడ్లర్‌కే నత్తి. 1937లో పుట్టాడు. యుద్ధకాలంలో కుటుంబం అమెరికాకి ఓడలో పోతున్నప్పుడు మొదలైంది. ఆరో జార్జి ప్రసంగాలు రేడియోలో వినిపించి, ఆయనే మాట్లాడగలిగాడు చూడు అని ఇంట్లోవాళ్ళు ధైర్యం చెప్పేవాళ్ళు. పెద్దయ్యాక లోగ్ కొడుకుని వెతికి పట్టుకున్నాడు. తండ్రి నోటుపుస్తకాలు ఆయన దగ్గరున్నాయి. చూపిస్తాను గానీ ముందు రాజమాత, అంటే ఆరో జార్జి భార్య ఎలిజబెత్, అనుమతి తెచ్చుకో అన్నాడాయన. సైడ్లర్ ఆమెకి ఉత్తరం రాశాడు. నేను బతికుండగా వద్దు, ఆ జ్ఞాపకాలు ఇంకా బాధపెడుతున్నాయి అని జవాబొచ్చింది. పెద్దావిడ, ఎంతకాలంలే అనుకున్నాడు. ఆవిడ నూటొక్క ఏళ్ళు బతికి 2002లో పోయింది. ఇరవై ఏళ్ళ దాకా ఆ కథ ముట్టుకోలేదు ఆయన. ఆగమన్నది చట్టం కాదు, ఒక ముసలావిడ.

మీరు ఒక ఈమెయిల్‌కి జవాబొచ్చేదాకా ఆగండి, కార్యదర్శిగారూ.